ఎండని చేప

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు రెండు పుటలు మించకుండా జ్ఞాపకాలు రాసి పంపమని కమిటీవారు మూడోసారి ఫోను చేశారు. పదేళ్ల చదువులో నాకు పూర్తిగా గుర్తున్నవి 1988 నవంబరులోని మూడు రోజులే. ప్రేయరు గంట, వేపచెట్టు, ఎనిమిదిలో కప్ప తప్పించుకొని హెడ్మాస్టరుగారి గదిలో దూరిన సంగతీ మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు కనుక నేను 7-బి సెక్షనులోనే ఉండిపోతాను. ఎండని చేప ఎవరో మీకు చెప్పనక్కరలేదు.

శనివారం ఆఖరి రెండు పీరియడ్లూ ఎస్.యు.పి.డబ్ల్యు., అంటే ‘సోషల్లీ యూస్‌ఫుల్ ప్రొడక్టివ్ వర్క్’. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ పిల్లలకు చేతిపని మీద గౌరవం కలగాలని ప్రతిపాదించిన ఆ సబ్జెక్టుకు మనం పెట్టుకున్న పేరు ‘సమ్ యూస్‌ఫుల్ పీరియడ్స్ వేస్టెడ్’. సుద్దముక్కలు, కొవ్వొత్తులు అయిపోయాక ఆ పీరియడ్లు తెలుగు టీచరుగారి చేతికి వచ్చాయి. ఆ మరుసటి వారమే ఆవిడ తమ ఇంటి గుండ్రటి అల్యూమినియం ఓవెనును రిక్షాలో వేసుకొని దిగారు. కలిపిన పిండి రెట్టింపు కావడానికి గంట పడుతుంది. ఆ గంటలో కథ చెప్పేవారు. గోడ గడియారం ఆగిపోయి ఏళ్లయినా, పిండి గిన్నె మీది తడిగుడ్డ పైకి ఉబ్బేసరికి కథ సరిగ్గా కంచికి వెళ్లేది.

బాలల దినోత్సవానికి ఒకటో తరగతి పిల్లలకు నలభై రెండు బన్నులు చేయాలని నిర్ణయమైంది. ఈస్టు కలపడం, పిండి మర్దించడం నా వంతు. గోరువెచ్చని నీళ్లలోనే ఈస్టు వేయాలనీ, అది ప్రాణమున్న వస్తువనీ, పిండిని చేతులతో కనీసం ఇరవై నిమిషాలు మర్దిస్తేనే సాగే గుణం వచ్చి లోపల పుట్టిన గాలిని పట్టి ఉంచుతుందనీ ఆవిడ ముందే చెప్పారు. సలసల కాగిన నీళ్లు చల్లారేదాకా ఆగే ఓపిక లేక నేను వాటిలోనే ఈస్టు గుమ్మరించి, అయిదు నిమిషాలు పిసికి మైదానంలోకి పరుగెత్తాను. ఓవెనులోంచి బయటికి వచ్చిన వాటితో ‘సెంటు’గాడు డెస్కు మీద మేకు కొట్టి చూపించాడు.

టీచరుగారు కోప్పడలేదు. ఒక బన్నును అరచేతిలో పెట్టుకొని, ఏడు చేపల కథ బాణీలోనే, “బన్నూ, బన్నూ, ఎందుకు పొంగలేదు?” అని అడిగారు. ఈస్టు చచ్చిపోయిందని ముందు బెంచీ అంది. ఈస్టూ, ఎందుకు చచ్చావు? నీళ్లు కాగిపోయాయి. నీళ్లూ, ఎందుకు చల్లారలేదు? కలిపేవాడు ఆగలేదు. కలిపేవాడా, ఎందుకు ఆగలేదు?

“వికెట్ కీపరు రాలేదని పిలిచారు టీచర్.”

నవ్వులు ఆగాక ఆవిడ అన్న మాట నాకిప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “గడ్డిమేటు దగ్గర నుంచి పిల్లవాడి దాకా అందరూ పక్కవాడినే చూపించారు. చీమ ఒక్కటే తన మాట తాను చెప్పింది. ఎందుకంటే రేణువు రేణువు మోసి కట్టుకున్న పుట్ట దానికొక్కదానికే ఉంది. నువ్వేం కట్టావురా?” తరువాత ఆ బన్నును టీలో ముంచుకొని, మా అందరి ఎదుట చివరి ముక్క వరకూ తిని, “ఉప్పు మాత్రం సరిపోయింది” అన్నారు.

మరునాడు తెల్లవారుజామున నాలుగున్నరకు మమ్మల్ని ఇరానీ హోటలు వెనుక భట్టీకి తీసుకువెళ్లారు. (ఇప్పుడైతే తల్లిదండ్రుల సంతకాలకే నెల పట్టేది.) సగం రాత్రి నుంచి మేలుకొని ఉన్న మనుషులు, మంచుకాలంలో చెమటలు కారుస్తూ, పొడవాటి చెక్క పారతో ఉస్మానియా బిస్కెట్ల రేకులను లోపలికి తోస్తున్నారు. వారిలో పెద్దాయన చిటికెడు పిండిని రెండు చేతుల మధ్య సాగదీసి బల్బుకు ఎదురుగా పెడితే, చిరగకుండా అవతలి వెలుతురు కనిపించింది. నా చేతికి ఒక ముద్ద ఇచ్చి అలా వచ్చేవరకు మర్దించమన్నాడు. భుజాలు పడిపోయాయి కానీ, కనిపించింది. బాలల దినోత్సవం నాడు పంచినవి ఆ చేతుల పుణ్యమే.

తరువాత మూడేళ్లలో ఏం జరిగిందో ఫొటోలు చూస్తే తప్ప నాకు తెలియదు.

బ్యాంకులో గుమాస్తాగా చేరి, నిరుడు చీఫ్ మేనేజరునయ్యాను. మొండి బాకీల ఫైళ్లలో ఏడు చేపల కథ ప్రతిరోజూ వింటూనే ఉంటాను. ఆదివారాలు కూకట్‌పల్లిలో మా అపార్టుమెంటు పిల్లలు పదిమంది మా వంటింట్లో చేరతారు. “ఆర్డరు పెడితే పది నిమిషాల్లో వచ్చేస్తుంది కదా అంకుల్” అని మొదటి వారం అన్న పాప, పోయిన వారం పిండిని దీపం ముందు సాగదీసి, చిరిగితే ఎవరూ చెప్పకుండానే మళ్లీ మర్దించడం మొదలుపెట్టింది. ఆ గంటలో కథ నేనే చెబుతాను, ఆవిడలా రాదు.

కమిటీవారికి ఒక విన్నపం. టీచరుగారిని తీసుకురావడానికి కారు నేను పంపుతాను. ఆవిడ మెట్లు ఎక్కలేరు, సన్మానం కింది హాల్లోనే పెట్టించండి. బన్నులు నేను తెస్తాను. టీ మాత్రం వేడిగా ఉండేలా చూడండి, పళ్లు లేవు కనుక ఇప్పుడు మెత్తటివి కూడా ముంచుకొనే తింటున్నారట.