వేద శ్వస్తనమ్: రేపటిని ఎరిగిన ప్రాణి

ఋగ్వేదానికి చెందిన ఐతరేయ ఆరణ్యకంలో, ‘ప్రజ్ఞానం బ్రహ్మ’ అనే మహావాక్యం గల ఉపనిషత్తుకు కొంచెం ముందు, ఆత్మ ఏ ప్రాణిలో ఎంతవరకు వెల్లడి అవుతుందో చెప్పే ఒక గద్యభాగం ఉంది. ఓషధులలోనూ వనస్పతులలోనూ రసం మాత్రమే కనిపిస్తుంది. ఊపిరి తీసే జీవులలో రసంతో పాటు చిత్తం కూడా కనిపిస్తుంది. మనిషిలో ఆత్మ మరింత స్ఫుటంగా వెల్లడి అవుతుంది. ఎందుకంటే అతడు ‘విజ్ఞాతం వదతి, విజ్ఞాతం పశ్యతి, వేద శ్వస్తనం, వేద లోకాలోకౌ, మర్త్యేనామృతమీప్సతి’. తెలిసినదాన్ని పలుకుతాడు, తెలిసినదాన్ని చూస్తాడు, రేపటిని ఎరుగుతాడు, లోకాన్నీ అలోకాన్నీ ఎరుగుతాడు, మర్త్యమైన దానితోనే అమృతాన్ని పొందగోరుతాడు. మిగిలిన పశువులకు ఉన్నది ఆకలిదప్పుల ఎరుక మాత్రమేనని, రేపు అనేది వాటికి తెలియదని చెప్పి, ‘యథాప్రజ్ఞం హి సంభవాః’, ఎంత ప్రజ్ఞో అంత జన్మ అని ఆ భాగం ముగుస్తుంది.

దశావతారాలలో డార్విన్‌ను చూపించడం మనవాళ్లకు అలవాటే కనుక, ఈ వాక్యాన్ని కూడా పరిణామవాదమనే పేరుతో చెలామణి చేయడం తేలిక. అది నాకు సమ్మతం కాదు. ఒక జాతి నుండి మరొక జాతి పుట్టిందని ఇక్కడ ఎక్కడా లేదు. ఆత్మ ఒక్కటే అయినా, చిత్తమనే ఉపాధిలోని, అంటే ఆత్మ వెల్లడి కావడానికి ఆధారమైన దానిలోని, హెచ్చుతగ్గులను బట్టి దాని ఆవిష్కారంలో తారతమ్యం ఏర్పడుతుందని చెప్పడానికే శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఈ శ్రుతిని ఉదాహరించారు. డార్విన్ 1871లో మానవుని పుట్టుకపై వెలువరించిన గ్రంథంలో, మనిషి మనసుకూ ఉన్నత జంతువుల మనసుకూ ఉన్న భేదం ఎంత పెద్దదైనా అది మోతాదులో భేదమే తప్ప స్వభావంలో కాదన్నాడు. ఒకరు ఆత్మ నుండి మొదలుపెట్టారు, మరొకరు శరీరం నుండి మొదలుపెట్టారు. ఇద్దరి దారులూ వేరైనా, ప్రాణులను మెట్లుమెట్లుగా చూడడంలో మాత్రం ఇద్దరూ ఒకచోట కలుస్తారు.

ఇంద్రియజ్ఞానం విషయంలో శంకరులు మనిషికి ప్రత్యేక పీట ఏమీ వేయలేదు. కర్ర ఎత్తి వచ్చేవాణ్ణి చూసి పశువు పారిపోతుంది, చేతినిండా పచ్చగడ్డి పట్టుకొని వచ్చేవాణ్ణి చూసి ఎదురువెళుతుంది. వివేకులైన మనుషులు కూడా కత్తి దూసి అరుస్తూ వచ్చేవాడి నుండి తొలగిపోతారు, అందుకు భిన్నమైనవాణ్ణి సమీపిస్తారు, కాబట్టి వ్యవహారంలో మనకూ పశువులకూ తేడా లేదని ఆయన బ్రహ్మసూత్ర భాష్యానికి ఉపోద్ఘాతమైన అధ్యాస భాష్యంలో తేల్చి చెప్పారు. ఈనాటి జీవశాస్త్రం ఈ మాటకు మరికొంత వివరం చేరుస్తుంది. పచ్చగడ్డికి ఎదురువెళ్లే ఆవు కంటిలో రంగులను పట్టే కణాలు రెండు రకాలే ఉంటాయి, మన కంటిలో మూడు రకాలు ఉంటాయి. అందువల్ల మనం పచ్చగడ్డి అంటున్న పచ్చదనం దానికి మనకు కనిపించినట్లు కనిపించదు. మన కంటికి అందని అతినీలలోహిత కాంతి తేనెటీగకు కనిపిస్తుంది కనుక, మనకు ఒకే పసుపుగా తోచే కొన్ని పూలరేకుల మీద దానికి వేరే గుర్తులు కనిపిస్తాయి. ప్రతి ప్రాణికీ తన బ్రతుకుకు కావలసినంత లోకమే ఇంద్రియాలలోకి వస్తుందన్న మాట. మనం చూస్తున్నదే సంపూర్ణ జగత్తు అనుకోవడానికి ఆధారం లేదని అటు వేదాంతమూ ఇటు జీవశాస్త్రమూ చెబుతున్నాయి.

‘శ్వస్తనం’, అంటే రేపటి సంగతి, దగ్గరికి వస్తే చిక్కు మొదలవుతుంది. కాకి కుటుంబానికే చెందిన స్క్రబ్ జే అనే పక్షులపై కేంబ్రిడ్జిలో జరిగిన ప్రయోగం 2007లో వెలువడింది. ఆ పక్షులను ఉదయంపూట ఒకరోజు ఒక గదిలో, మరొకరోజు ఇంకొక గదిలో ఉంచారు. ఒకదానిలో ఉదయాన్నే తిండి దొరికేది, రెండవదానిలో దొరికేది కాదు. తరువాత ఒక సాయంత్రం వాటికి గింజలు ఇస్తే, మరునాడు ఆకలితో ఉండవలసి వచ్చే గదిలోనే అవి ఎక్కువ గింజలు దాచుకున్నాయి. ఈ ఫలితాన్ని ఎంతదూరం తీసుకుపోవచ్చునన్న వాదం ఉన్నా, పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూసే మనకు దాని బంధువు రేపటి కోసం దాచుకుంటుందంటే అంతగా వింత అనిపించకూడదు. మరి శ్రుతి తప్పా? వంద శ్రుతులు కలిసి అగ్ని చల్లనిదని చెప్పినా అవి ప్రమాణం కావని గీతాభాష్యంలో అన్నది శంకరులే. పక్షులు గింజలు దాచుకుంటాయో లేదో చెప్పడం ఆరణ్యకం పని కాదు. రేపటి ఎరుకను ప్రజ్ఞకు కొలతగా తీసుకోవడమే అందులో మనం పట్టుకోవలసిన సంగతి.

అదే 2007లో వచ్చిన మరొక పరిశోధన ఈ కొలతకు లోతు ఇచ్చింది. మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం దెబ్బతిని జ్ఞాపకాలు పోగొట్టుకున్నవారిని ఒక సముద్రతీరాన్ని ఊహించి చెప్పమంటే, వారిలో ఎక్కువమంది ముక్కలుముక్కలుగా తప్ప ఒక దృశ్యంగా దాన్ని చెప్పలేకపోయారు. నిన్నటిని గుర్తుచేసుకోవడానికీ, లేనిదాన్ని ఎదుట నిలుపుకోవడానికీ శరీరంలో ఆధారం చాలావరకు ఒకటేనని దీనివల్ల తెలుస్తోంది. జర్మనీలోని హోలెన్‌స్టైన్ స్టాడెల్ గుహలో 1939లో దొరికిన, మామత్ అనే అంతరించిపోయిన ఏనుగుజాతి జంతువు దంతంతో చేసిన బొమ్మకు సింహం తల, మనిషి ఒడలు ఉన్నాయి. వయస్సు సుమారు 40,000 ఏళ్లు. దాన్ని నరసింహస్వామి విగ్రహమంటే చరిత్రకూ స్వామికీ ఇద్దరికీ అన్యాయమే అవుతుంది. అయినా, కంటితో ఎన్నడూ చూడని రూపాన్ని మనసులో కట్టి దంతంలో చెక్కిన ఆ శక్తీ, అహోబిలంలో గర్భగుడి ముందు నిలబడి కన్నులు మూసుకున్న భక్తుడు ధ్యానశ్లోకం వెంట స్వామిని అంగాంగమూ నిలుపుకొనే శక్తీ ఒకే మానవజాతివి. మానసపూజలో రత్నాల ఆసనమూ, పాద్యమూ, నైవేద్యమూ అన్నీ కల్పితాలే. వాటిని శాస్త్రం తక్కువ పూజగా చూడలేదు.

మన ఇళ్లలో పూజకు ముందు చెప్పుకొనే సంకల్పాన్ని ఈ దృష్టితో వింటే దాని అమరిక తెలుస్తుంది. శ్వేతవరాహకల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం ప్రథమపాదం అని కోట్ల ఏళ్లను తలచుకొని, శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల నడుమ కూర్చున్నామో చెప్పుకొని, ఈనాటి తిథి దగ్గర ఆగుతాం. అమెరికాలోని తెలుగు ఇళ్లలో కొందరు పురోహితులు జంబూద్వీపానికి బదులు క్రౌంచద్వీపం అని మార్చి చెప్పిస్తారు. యజమాని తాను ఉన్నచోటును తానే ఎరిగి పలకాలి కదా. ఆ తరువాత ఆయురారోగ్య ఐశ్వర్యాభివృద్ధి కోరుకుంటాం. అది గింజలు దాచుకున్న పక్షి కోరికే, కాకపోతే మనది కొంచెం పెద్ద మూట. అదే ఊపిరిలో ‘పరమేశ్వర ప్రీత్యర్థం’ అని కూడా అంటాం. పక్షి సాయంత్రపు పనిలో దీనికి సమానమైనది నాకు కనిపించలేదు. సృష్టిలోని ప్రాణులన్నీ అన్నం నుండే పుట్టగా, తైత్తిరీయ ఉపనిషత్తు పురుషుణ్ణే, అంటే మనిషినే, ఎందుకు ఎత్తి చెప్పిందని శంకరులు ప్రశ్న వేసుకొని, కర్మకూ జ్ఞానానికీ శక్తి, కోరిక ఉన్నవాడు, నిషేధం లేనివాడు అతడేనని సమాధానం ఇచ్చి, అక్కడ కూడా ఈ ఐతరేయ వాక్యాన్నే ప్రమాణంగా చూపారు.