భాకరాపేట ఘాట్‌లో బయటపడిన క్లచ్ జబ్బు

గత నెల తిరుపతి నుంచి పీలేరు వెళ్తూ భాకరాపేట ఘాట్ ఎక్కుతున్నప్పుడు, నాన్నగారు 19 ఏళ్లు నడిపి నాకు అప్పగించిన 100 సీసీ బండి, యాక్సిలరేటర్ తిప్పినకొద్దీ ఇంజను మోత పెంచిందే తప్ప వేగం పెంచలేదు. క్లచ్ కేబులుకు తగినంత లూజు ఉందని ముందే చూసుకున్నందువల్ల అనుమానం నేరుగా క్లచ్ లోపలి స్ప్రింగుల మీదికి పోయింది.

ఆదివారం వరండాలో ఆయిల్ దించి, కిక్ రాడ్డు తీసి, కుడివైపు కవరు విప్పాను. వెర్నియర్‌తో కొలిస్తే నాలుగు స్ప్రింగులూ కొత్తవాటికంటే పొట్టిగా, పైగా ఒకదానికొకటి తేడాగా ఉన్నాయి. ఏళ్ల తరబడి వేడి నూనెలో నలిగి కుంగిన స్ప్రింగులు, ఇంజను శక్తిని చక్రం వైపు పంపే క్లచ్ ప్లేట్లను గట్టిగా అదిమి పట్టలేవు, అందుకే బరువు పడే ఎత్తుల మీద ప్లేట్లు జారుతాయి. ప్లేట్ల మందం సరిపడా ఉండడంతో వాటిని అలాగే ఉంచి, స్ప్రింగులు మాత్రం నాలుగూ ఒకేసారి మార్చాను. ఒక్కటే మారిస్తే ఒత్తిడి సమంగా పడదు.

నాకు నిజంగా భయం వేసింది స్ప్రింగుల బోల్టులు బిగించేటప్పుడే. అవి దిగేది అల్యూమినియం మరలలోకి కనుక, చేతిబలం కాస్త ఎక్కువైనా మర చెడిపోతుంది. ఎదురెదురు బోల్టులను కొద్దికొద్దిగా తిప్పుతూ వచ్చాను. కవరు అంచున నూనె కారకుండా ఆపే పాత గాస్కెట్ గీకడానికే గంటకు పైగా పట్టింది.

నిన్న నాన్నగారిని వెనుక కూర్చోబెట్టుకొని అదే ఘాట్ మూడో గేరులో ఎక్కాను. "ఇప్పుడు బాగా లాగతా ఉంది నాయనా" అన్నారాయన. క్లచ్ లివర్ మాత్రం మునుపటికంటే కాస్త గట్టిపడింది.