డ్రమ్మర్ లేని బ్యాండ్

వేల్స్‌లోని కార్డిఫ్‌లో పుట్టిన యంగ్ మార్బుల్ జెయింట్స్ అంటే నాకు ప్రాణం. 1980లో రఫ్ ట్రేడ్ అనే రికార్డు కంపెనీ విడుదల చేసిన వాళ్ల ఆల్బమ్ ‘కలోసల్ యూత్’లో డ్రమ్మర్ లేడు. డ్రమ్ మెషిన్ టిక్కుటిక్కుమంటూ ఉంటుంది, అంతే. స్టువర్ట్ మాక్సమ్ అరచేత్తో తీగల్ని నొక్కిపట్టి గిటార్ వాయిస్తాడు. స్వరం పుట్టగానే ఆగిపోతుంది. ఆ ఖాళీలో సోదరుడు ఫిలిప్ బేస్ గిటారే రాగం అందుకుంటుంది! ఆలిసన్ స్టాటన్ పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే పాడుతుంది. పంక్ రాక్ సంగీతపు హోరు ఇంకా తగ్గని రోజుల్లో ఇంత తక్కువ చప్పుడు చేయాలంటే ధైర్యం కావాలి.

1981 నాటి ‘టెస్ట్‌కార్డ్’ ఈపీ (ఆల్బమ్ కన్నా చిన్న రికార్డు) ఇంకా సరదా. పాటల్లేవు, అన్నీ వాయిద్యాలే. టీవీలో ప్రోగ్రాములు లేనప్పుడు వేసే సంగీతాన్ని తలపిస్తాయి. ఆర్గాన్ అయితే గంతులేస్తుంది. కొత్తగా వినేవాళ్లు దీంతోనే మొదలుపెట్టండి, వాల్యూమ్ మాత్రం పెంచకండి.