తడి గారలో దారం గీతలు: మసాచియో 'ట్రినిటీ'

ఫ్లోరెన్స్‌లోని సాంతా మరియా నొవెల్లా చర్చిలో చిత్రకారుడు మసాచియో 1427 ప్రాంతంలో వేసిన ఫ్రెస్కో (తడి గారమీద వేసే గోడబొమ్మ) 'ట్రినిటీ' ముందు నిలబడితే, గోడ వెనక నిజంగా ఓ మందిరం ఉందనిపిస్తుంది. అంతా కంటి అంచనా అనుకోకండి. లైటు పక్కనుంచి పడితే గారలో దారం నొక్కిన గాట్లు కనిపిస్తాయి.

కిటుకంతా ఒక్క బిందువులో ఉంది. అది బొమ్మలో క్రీస్తు ఉన్న శిలువ అడుగున, నేలమీద నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో ఉంటుంది. అక్కడ మేకు కొట్టి, దారం కట్టి, బిగలాగి తడి గారలో నొక్కితే లోపలికి వెళ్లే గీతలన్నీ దానికే చేరతాయి. కమాను పైకప్పు అడ్డపట్టీలు ఇంకా సులువు. అవి గోడకు సమాంతరం కాబట్టి ఎంత లోపలున్నా అర్ధవృత్తాలే. లోపలికి వెళ్లేకొద్దీ వ్యాసార్థం తగ్గించి, కేంద్రాన్ని కిందికి జరిపితే చాలు. వాస్తుశిల్పి బ్రూనెల్లెస్కి ఈ పర్‌స్పెక్టివ్‌ను, అంటే చదునైన గోడమీద లోతు చూపే పద్ధతిని, అప్పటికే చేసి చూపించాడు. పండితుడు అల్బెర్టి దాన్ని పుస్తకంలో పెట్టింది మాత్రం 1435లో. అంటే చేతికి వచ్చాకే రాతకెక్కింది.

జ్యామితి ఎంత తెలిసినా పని వేగం సున్నం చేతిలోనే ఉంటుంది. ఆ రోజు పూర్తిచేయగలిగినంత మేరే సన్నగార పూయాలి. పైనుంచి కిందికి రావాలి, లేకపోతే పూర్తయిన బొమ్మమీద చుక్కలు కారతాయి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని గట్టిపడుతూ రంగును తనలో బంధిస్తుంది. ఆరాక వేసిన రంగుకు ఆ పట్టు ఉండదు. రాగి ఖనిజం అజురైట్‌తో చేసే నీలం తడి సున్నంలో నిలవదు కనుక, గుడ్డుసొనో జిగురో కలిపి తర్వాత వేసేవారు. పాత ఫ్రెస్కోల్లో నీలాలు ముందు రాలిపోయేది అందుకే.

మేరీ ముఖంమీద గళ్ల గీతలు కూడా చెక్కి ఉన్నాయి. చిన్న బొమ్మను కొలత తప్పకుండా పెంచే ఉపాయం అది.

ఇంత లెక్కలోనూ మసాచియో ఒకచోట పట్టు వదిలాడు. తండ్రి దేవుడు నిలబడ్డ తిన్నె వెనకగోడ దగ్గరున్నట్టుంది, ఆయన చేతులేమో ముందున్న శిలువను పట్టుకున్నాయి. పైగా కిందనుంచి చూసినట్టు కాక ఆయన్ని ఎదురుగా చూసినట్టే వేశాడు. నా దృష్టిలో ఇది తెలిసి చేసిందే, దేవుడి ముఖాన్ని కింది కోణంలో కుదించడం అతనికి రుచించి ఉండదు.

1570లో చిత్రకారుడు, వాస్తుశిల్పి వసారి ఈ ఫ్రెస్కో ముందు బలిపీఠం కట్టించాడు. 1860ల్లో అది తీసినప్పుడు పైభాగాన్ని గోడనుంచి ఊడదీసి వేరే గోడకు మార్చారు, దెబ్బలు తగిలాయి. కింద అస్థిపంజరమున్న భాగం పాతచోటే ఉండిపోయింది. రెండూ మళ్లీ ఒక్కటైంది 1952లో.