కుడిచేతికి కొలత తప్పినప్పుడు

నా కుడిచేతిలో బలం ఏమాత్రం తగ్గలేదు. డాక్టరు తన వేళ్లను గట్టిగా నొక్కమంటే నొక్కాను. ఆయన వేలిని తాకి, వెంటనే నా ముక్కును తాకమన్నారు. ముక్కు దగ్గరపడే కొద్దీ చేయి వణికింది. వేలు ముక్కును దాటి చెంపకు గుచ్చుకుంది.

ముందురోజు వేకువన ఇల్లంతా గిర్రున తిరిగి, ఆగకుండా వాంతులయ్యాయి. మొదట తీసిన సీటీ స్కాన్‌లో ఏమీ కనిపించకపోవడంతో, చెవి వల్ల వచ్చిన తలతిరుగుడు అన్నారు. మెదడు వెనుక అడుగుభాగంలో వచ్చే స్ట్రోకు తొలి గంటల్లో సీటీకి తరచూ దొరకదు. ఆసరా లేనిదే నేను నిలబడలేకపోతున్నానని గమనించిన మరో డాక్టరు ఎంఆర్ఐ రాశారు. ఆ అడుగుభాగంలోనే ఉండే చిన్నమెదడుకు కుడివైపున రక్తం అందడం లేదు. వాపు పెరిగి, ఊపిరినీ గుండెనూ అదుపులో ఉంచే మెదడు కాండాన్ని నొక్కితే ప్రాణం మీదికి వస్తుందని కొన్నాళ్లు ఐసీయూలో ఉంచారు.

పెద్దమెదడులో ఒకవైపు దెబ్బతింటే శరీరంలో రెండోవైపు చెడుతుంది. చిన్నమెదడులో అయితే అదే వైపు. మెదడు పరిమాణంలో పదోవంతే అయినా, నాడీకణాల్లో సగానికి పైగా ఈ చిన్నమెదడులోనే ఉన్నాయి. చేయి ఎంత దూరం వెళ్లాలి, ఏ కండరం ఎప్పుడు ఆగాలి అన్నది చూసుకుంటూ, తేడా వస్తే అప్పటికప్పుడు దిద్దేది అదే. నాకు పోయింది ఆ దిద్దుబాటు.

"చేయి బాగానే ఉంది కదమ్మా" అనేవారు చూడవచ్చినవాళ్లు. నా అలసట వాళ్లకు ఎలా చెప్పాలో తెలిసేది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో చిన్నమెదడుకు తూటా గాయాలైన సైనికులను పరీక్షించిన బ్రిటిష్ వైద్యుడు గోర్డన్ హోమ్స్ గురించి తర్వాత చదివాను. బాగున్న చేయి దానంతటదే కదులుతోందనీ, చెడిన చేతి ప్రతి కదలికనూ ఆలోచించి చేయవలసి వస్తోందనీ ఆయన రోగి ఒకరు చెప్పారట. అది చదివి ఏడ్చాను. మంచినీళ్ల గ్లాసు ఎత్తడానికి కూడా నాకు అంత ఆలోచనా కావలసి వచ్చేది.

"టీచరుగారూ, వేగం వద్దు, చూస్తూ చేయండి" అనేది ఫిజియోథెరపీ అమ్మాయి. పడుకుని ఒక మడమను రెండోకాలి మోకాలి నుంచి చీలమండ దాకా జార్చడం, గీత మీద అడుగులో అడుగు వేయడం, రోజూ అవే. తెలుగు పాఠాలు చెప్పేదాన్ని, నాకు రాత కావాలి. 'ర' రాస్తే సున్న చుట్టు దగ్గర ఆగక పంక్తి దాటిపోయేది. పిల్లల కాపీ పుస్తకంలో గుణింతాలు దిద్దాను.

ఇప్పుడు మళ్లీ నల్లబల్ల మీద రాస్తున్నాను. ఒత్తులు కాస్త పెద్దవిగా పడతాయి, చివ్వున వెనక్కి తిరిగితే తూలుతాను. బాగా అలసిన రోజు మాట ముద్దగా వస్తుంది. అప్పుడు నా చివరి పీరియడు సహోపాధ్యాయిని తీసుకుంటారు.