ఐదో కుచ్చిలి

నా నడుము సంగతి ముందుగా చెప్పింది టేపు కాదు, చీర. పోయిన ఏడాది నెల్లూరులో మా ఆడపడుచు కూతురి పెళ్ళి. బయలుదేరే ముందు చెన్నై పెరంబూరులోని మా ఇంట్లో అద్దం ముందు నిలబడి పట్టుచీర కట్టుకుంటున్నాను. నా పెళ్ళినాటికి ఆరు కుచ్చిళ్ళు వచ్చిన చీర అది. ఆ రోజు నాలుగే వచ్చాయి. పమిట ఎంత కురచ చేసినా నాలుగే.

లెక్కల టీచర్ని, ఊరుకోలేను కదా. చీర నడుముకు సుమారు రెండు చుట్లు తిరుగుతుంది. నడుము ఐదు అంగుళాలు పెరిగితే పది అంగుళాల బట్ట చుట్టులోనే పోతుంది. ఒక్కో కుచ్చిలికి పట్టేది కూడా దాదాపు అంతే. రెండు కుచ్చిళ్ళు పోయాయంటే నడుము పది అంగుళాలు పెరిగినట్టు. టేపు పెట్టి చూస్తే 94 సెంటీమీటర్లు. మన దేశపు ఆడవాళ్ళకు 80 దాటితేనే జాగ్రత్త పడమంటారు, మగవాళ్ళకు 90.

డాక్టరమ్మ స్కానింగ్ చూసి కాలేయంలో కొవ్వు చేరిందన్నది. చర్మం కింద చేతికి అందే కొవ్వు కన్నా లోపల పేగుల చుట్టూ పేరుకునేది చెడ్డదట. నెలసరి ఆగే వయసులో ఆడవాళ్ళకు తొడల దగ్గర చేరే కొవ్వు పొట్టకు మళ్ళుతుందట. ఇదంతా విని ఇంటికొచ్చి నేను చేసిన మొదటి పని నూనె డబ్బా అటక ఎక్కించడం.

మూడు నెలల పాటు మా వంటింట్లో తాలింపు చిటపట వినిపించలేదు. బీరకాయ నీళ్ళలో ఉడికింది, బెండకాయ ఏడ్చింది. చప్పిడి కూర గొంతు దిగాలంటే అన్నం ఇంకో గరిటె కావాలి, పక్కన ఆవకాయ ఉండాలి. (ఊరగాయలో నూనె లెక్కలోకి రాదన్నది మా ఇంట్లో రాయని చట్టం.) సాయంత్రం నాలుగున్నరకు బడి వదిలేసరికి కడుపులో కరకరమనేది. టీతో నాలుగు బిస్కెట్లు, బస్సు స్టాపు దగ్గర రెండు బజ్జీలు. ఇంట్లో చుక్క నూనె మిగిల్చి వీధిలో గరిటెడు తాగానన్నమాట. మూడు నెలల తర్వాత నడుము 95.

మా అత్తయ్య అప్పుడన్నది: "అమ్మాయ్, నువ్వు మానింది నూనె. తింటున్నది అన్నం." ఆవిడ చదివింది ఐదో తరగతి. రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ చెప్పిందీ ఇంచుమించు అదే. అవసరానికి మించిన పిండిపదార్థాన్ని, చక్కెరను కాలేయం కొవ్వుగా మార్చి దాచుకుంటుంది. ఎంత నూనె అన్నదొక్కటే కాదు, ఏ నూనె, దేని బదులు తింటున్నావు అని అడిగింది.

ఈ "దేని బదులు" అన్న మాట పట్టుకుని కొంత చదివాను. 2014లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం వాళ్ళ ప్రయోగం ఒకటి వెలువడింది. స్థూలకాయం లేని 39 మంది పడుచువాళ్ళకు ఏడు వారాల పాటు మఫిన్లు తినిపించారు. కొందరివి పామాయిలుతో చేసినవి, కొందరివి పొద్దుతిరుగుడు నూనెతో. అందరూ ఇంచుమించు ఒకే బరువు పెరిగారు. కానీ పామాయిలు వాళ్ళకు కాలేయంలోనూ పొట్ట లోపలా కొవ్వు ఎక్కువ చేరింది, రెండో జట్టుకు కండ ఎక్కువ పెరిగింది. తినగా పెరిగిన బరువు ఒకటే, అది వెళ్ళి కూర్చున్న చోటు వేరు. పామాయిలులో దాదాపు సగం సంతృప్త కొవ్వు, అంటే నెయ్యిలా తేలిగ్గా గడ్డకట్టే రకం. నా బిస్కెట్ల పొట్లం తిప్పి చూస్తే అందులో ఉన్నది అదే.

అయితే మంచి కొవ్వు అదనంగా తింటే పొట్ట కరుగుతుందనుకోకండి. అమెరికాలో వెయ్యిమందికి పైగా జనాన్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఆరు నెలలు రోజుకో వెన్నపండు (అవకాడో) ఇచ్చారు. పొట్ట లోపలి కొవ్వులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నూనె ఏదైనా గ్రాముకు 9 క్యాలరీలే. మా వారు ఫోనులో వచ్చిన సందేశం నమ్మి పరగడుపున తాగుతానని కొబ్బరినూనె సీసా తెచ్చారు. అందులో సంతృప్త కొవ్వు నూటికి తొంభై పాళ్ళు. అది ఇప్పుడు ఆయన తలకే వాడుతున్నాం.

నేను మార్చినవి కొద్దే. మా వీధి చివర చెక్కగానుగ ఉంది, ఇక్కడి వాళ్ళు మరచెక్కు అంటారు. అక్కడి నుంచి నువ్వుల నూనె తెచ్చుకుంటున్నాను. తమిళంలో దాని పేరు నల్లెణ్ణెయ్, మా వైపు మంచినూనె. రెండు భాషల వాళ్ళూ ఒకే పేరు పెట్టారంటే నాకు ముచ్చటగా ఉంటుంది. సంతృప్త కొవ్వు అందులో ఏడో వంతే. గానుగది కాబట్టి క్యాలరీలు తగ్గుతాయన్న భ్రమ మాత్రం లేదు. నలుగురికి నెలకు నాలుగు లీటర్లు అయ్యేది, అంటే మనిషికి రోజుకు 33 మిల్లీలీటర్లు. ఇప్పుడు రెండున్నర, అంటే 21. తాలింపు తిరిగొచ్చింది, అన్నం ఒక గరిటె తగ్గింది. వారానికి రెండుసార్లు మత్తి చేపల పులుసు.

అన్నిటికన్నా పనిచేసింది వేరుశనగపప్పు. బిస్కెట్ల బదులు వేయించినవి గుప్పెడు, 30 గ్రాములు, డబ్బీలో బడికి తీసుకెళ్తాను. సుమారు 170 క్యాలరీలు, 14 గ్రాముల కొవ్వు, 7 గ్రాముల మాంసకృత్తులు. తిన్నాక రాత్రి ఎనిమిది దాకా ఆకలి జాడ ఉండదు. బజ్జీల బండి ముందు నుంచి ఏ పోరాటమూ లేకుండా నడిచి వెళ్ళిపోతున్నాను. ఆ నూనె వాసన వచ్చిన వైపు తల తిప్పడం మాత్రం ఇంకా మానలేదు.

ఇదే సమయంలో రోజూ నలభై నిమిషాలు నడవడం కూడా మొదలుపెట్టాను. కాబట్టి ఘనత నువ్వులదెంత, కాళ్ళదెంత అని నన్నడిగితే చెప్పలేను. మా సైన్సు టీచరమ్మ ఈ ప్రయోగానికి సున్నా మార్కులు వేసింది.

ఎనిమిది నెలలయింది. బరువు రెండు కిలోలే తగ్గింది, నడుము 89కి వచ్చింది. మొన్న శుక్రవారం అదే పట్టుచీర తీశాను. నాలుగు కుచ్చిళ్ళు పోయాక నాలుగు అంగుళాల బట్ట మిగిలింది. ఐదో కుచ్చిలికి ఇంకో ఆరు కావాలి, అంటే నడుములో మూడు. మిగిలిన ఆ నాలుగు అంగుళాలనూ పిన్నుతో లోపలికి మడిచి పెట్టుకుని గుడికి వెళ్ళాను.