దింపు లెక్కల పుస్తకంలో చిక్కిపోయిన అక్షరాలు

మా నాన్నగారి కొబ్బరి దింపు లెక్కల పుస్తకాలు ఇప్పటికీ మా ఇంటి చెక్కబీరువా పై అరలో వరుసగా ఉన్నాయి. ఏ దింపుకు ఎన్ని కాయలు దిగాయి, దింపువాళ్ళకు ఎంత ఇచ్చారు, అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో ధర ఎంత పలికింది అన్న వివరాలన్నీ ఆయన తప్పకుండా రాసుకునేవారు. 2016 నాటి పుస్తకంలో నిండుగా, గుండ్రంగా ఉన్న అక్షరాలు 2019కి వచ్చేసరికి ఆవగింజలంత అయ్యాయి. వరుస మొదట్లో కాస్త పెద్దగానే ఉండి, చివరికి వెళ్ళేకొద్దీ చిక్కిపోయి, ఒకదానిమీద ఒకటి పడిపోయేవి. ఆ పుస్తకాలు మేమందరం చూస్తూనే ఉన్నాం. చూపు తగ్గిందనుకుని కళ్ళజోడు మార్పించాం. అది పార్కిన్సన్స్ వ్యాధి అని 2021లో గాని తెలియలేదు.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, అక్షరాలకంటే ముందే వాసన పోయింది. వరద నీటితో పాటు పులస వచ్చే రోజుల్లో ఎవరింట్లో పులుసు మరుగుతున్నదో వీధి మొదట్లోనే చెప్పగలిగిన మనిషి, కంచంలో వడ్డించాక కూడా "ఇది ఏం చేపే?" అని అమ్మను అడగడం మొదలుపెట్టారు. రాత్రిళ్ళు నిద్రలో చేతులు విసిరేవారు, తోటలో దొంగలు పడ్డట్టు కేకలు వేసేవారు. ఒకసారి ఆ విసురుకు అమ్మ భుజం కమిలిపోయింది. ఆవిడ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. కలలు వచ్చే నిద్రలో మన కండరాలు సహజంగానే పట్టు వదిలేసి ఉంటాయనీ, ఆ ఏర్పాటు చెడినవాళ్ళు కలలో చేసే పనిని మంచం మీదే చేస్తారనీ, వాసన తెలియకపోవడం, మలబద్ధకం, ఇలాంటి నిద్ర కొందరిలో వణుకుకు ఎన్నో ఏళ్ళ ముందే కనిపిస్తాయనీ తర్వాత కాకినాడలో నరాల డాక్టరుగారు వివరించారు.

ఆ డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న మాకు వింతగా తోచింది. అంతకుముందు కళ్ళు తిరగడానికి ఏవైనా మాత్రలు వాడారా అని అడిగారు. వాడారు. ఊళ్ళో ఇచ్చిన సిన్నారిజైన్ మాత్రలను నెలల తరబడి మింగారు. ఆ మందూ, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడూ ఎక్కువ కాలం వాడితే పార్కిన్సన్స్ లాంటి లక్షణాలే రావచ్చట. అందుకని ముందు వాటిని మాన్పించి, కొన్ని నెలలు ఆగి చూశాకే వ్యాధి పేరు ఖాయం చేశారు. దీనిని రక్తపరీక్ష తేల్చదు. నడిపించి, బొటనవేలికి చూపుడువేలిని టపటపా తట్టించి, మణికట్టు తిప్పి చూసే తెలుసుకుంటారు. మా పెద్దమ్మకు కాఫీ గ్లాసు ఎత్తినప్పుడల్లా చెయ్యి వణుకుతుంది, అది వేరే జబ్బు. నాన్నగారి చెయ్యి ఒడిలో ఊరికే పెట్టుకున్నప్పుడు వణుకుతుంది, గ్లాసు అందుకోగానే చాలావరకు తగ్గుతుంది.

మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు క్రమంగా నశించడం వల్ల ఈ జబ్బు వస్తుంది. ఆ లోటు తీర్చడానికి ఇచ్చే ప్రధానమైన మందు లెవోడోపా. మన చేలగట్ల మీద దురద పుట్టించే దూలగొండి గింజల్లోనూ ఇదే పదార్థం ఉంది. 1937లోనే భారతీయ రసాయనవేత్తలు దానిని ఆ గింజలనుంచి వేరుచేశారు. ఈ సంగతి తెలియగానే మా బంధువొకరు సీసాడు పొడి తెచ్చిపెట్టారు. పొడిలో మందు ఎంత ఉందో తెలియకుండా మాత్రలతో కలిపి వాడితే మోతాదు మించిపోతుందని డాక్టరుగారు వద్దన్నారు. ఆ సీసా ఇంకా అటక మీదే ఉంది.

మాత్ర కంటే దాని వేళే మాకు పెద్ద పాఠమైంది. పప్పు, చేప, గుడ్డు, పాలలోని మాంసకృత్తులు ఈ మందును ఒంటికి సరిగా పట్టనివ్వవు. అందుకే భోజనానికి అరగంట ముందు మాత్ర వేస్తున్నాం, చేపల పులుసును రాత్రికి మార్చాం. మధ్యాహ్నం పులుసు లేని భోజనమేమిటని ఆయన వారం రోజులు అలిగారు. మాత్రను మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు. హఠాత్తుగా మానేస్తే ఒళ్ళు బిగుసుకుపోయి, జ్వరం వచ్చి, ప్రాణం మీదికి రావచ్చు. కోటిపల్లి రేవు దాటి వెళ్ళే రోజుల్లో ఒక పూట మాత్ర అమ్మ కొంగున ముడివేసి ఉంటుంది.

మాత్ర పని చేయని వేళల్లో కాళ్ళు నేలకు అతుక్కుపోతాయి. గుమ్మం దగ్గర, రేవు దాటించే పంటు మీదికి ఎక్కే చెక్క దగ్గర ఇది మరీ ఎక్కువ. వెనకనుంచి తొందరపెడితే ఇంకా బిగుసుకుపోతారు, చెయ్యి పట్టి లాగితే ముందుకు పడతారు. ఒకనాడు గదిలో కదల్లేక నిలబడిపోయిన మనిషి, వాకిట్లో అమ్మ వేసిన అడ్డగీతల ముగ్గును మాత్రం ఒక్కొక్క గీతా దాటుకుంటూ నడిచి వెళ్ళిపోయారు. కంటికి ఒక గీత కనిపిస్తే దానిని దాటడానికి మెదడు మరో దారి వెతుక్కుంటుందని ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి చెప్పింది. అప్పటినుంచి గుమ్మాల దగ్గర తెల్లరంగు గీతలు వేయించాం.

నాకు అన్నిటికంటే కష్టమనిపించింది ఆయన ముఖం. ముఖకండరాలు బిగుసుకోవడంతో నవ్వు పైకి రాదు. చూడవచ్చినవాళ్ళు "బాబాయిగారికి మేం రావడం ఇష్టం లేనట్టుందండి" అని నొచ్చుకుని వెళ్ళారు. ఇప్పుడు ఎవరు వచ్చినా కాఫీ ఇచ్చేలోపే ఈ సంగతి చెప్పేస్తున్నాం.

అక్షరాల కోసం వెడల్పు గీతల పుస్తకం కొన్నాం. ఒక్కొక్క అక్షరాన్నీ పనిగట్టుకుని పెద్దగా రాయమంటే రాయగలుగుతున్నారు. ఈసారి దింపు లెక్క ఆయనే మొదలుపెట్టారు. మొదటి మూడు వరుసలు పాత పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి, నాలుగో వరుసనుంచి మళ్ళీ చిక్కిపోయాయి. మిగిలినది ఆయన చెబుతుంటే అమ్మ రాసింది.